అర్థం కాని నవలకు టీక కావాలి

1956లో పారిస్ రివ్యూ పత్రికలో అచ్చయిన ఇంటర్వ్యూలో విలియం ఫాక్‌నర్‌ను ఒక ప్రశ్న అడిగారు. మీ రచనలు రెండు మూడుసార్లు చదివినా అర్థం కావడం లేదంటున్నారు కొందరు, వాళ్లేం చేయాలి అని. నాలుగోసారి చదవాలి అన్నాడాయన. సాహిత్యం మాట్లాడుకునేచోట ఈ జవాబును చమత్కారంగా చెప్పుకుని మురిసిపోతుంటారు. నాకు మాత్రం అది ఏనాడూ నచ్చలేదు. ఒక పుస్తకాన్ని మూడుసార్లు చదివినవాడు బద్ధకస్తుడు కాడు. అంత ఓపిక చూపినవాడికి చెయ్యి అందించాలి గానీ, వెళ్లి మళ్లీ మొదటినుంచి రమ్మనడం న్యాయం కాదు.

పైగా ఆ మాట అన్న ఫాక్‌నరే అంతకు పదేళ్ల ముందు పాఠకుడికి చెయ్యి అందించాడు. 1946లో మాల్కమ్ కౌలీ సంపాదకత్వంలో వచ్చిన ‘పోర్టబుల్ ఫాక్‌నర్’ సంకలనం కోసం ఆయన ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’కి ఒక అనుబంధం రాశాడు. కాంప్సన్ కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో, నవలకు ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో, ఆ తర్వాత ఎవరేమయ్యారో అందులో ఉంది. నవల వచ్చింది 1929లో. పదిహేడేళ్లయ్యాక రచయితే తన నవలకు టీక రాసుకున్నాడన్నమాట. తికమకపెట్టే నవలల గురించి మాట్లాడేటప్పుడు నాలుగోసారి చదవమన్న జవాబు కన్నా ఈ అనుబంధాన్ని గుర్తుంచుకోవడమే మనకు ఎక్కువ పనికొస్తుంది.

పాఠకుడు అసలు ఎక్కడ ఆగిపోతాడో తెలియాలంటే ఆ నవల మొదటి పేజీలు చూడాలి. రోజు 1928 ఏప్రిల్ 7. చెబుతున్నవాడు బెంజీ. వయసు 33 ఏళ్లు, మాట రాదు, బుద్ధి ఎదగలేదు. కంచె సందుల్లోంచి చూస్తున్నాడు. అవతల ఎవరో కొడుతున్నారు, నడుస్తున్నారు, జెండా పీకి మళ్లీ పాతుతున్నారు. వాళ్లు ఆడుతున్నది గోల్ఫ్ అని బెంజీ చెప్పడు, అతనికి తెలియదు కాబట్టి. మనమే ఊహించుకోవాలి. ఇంతలో ఆటగాడు ‘కాడీ’ అని కేకేస్తాడు. గోల్ఫ్ కర్రల సంచి మోసే కుర్రాణ్ణి అలాగే పిలుస్తారు. బెంజీ ఏడుపు అందుకుంటాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఆ పేజీలో ఎక్కడా లేదు. చాలా దూరం చదివాక గాని తెలియదు, అతణ్ణి ప్రేమగా చూసుకున్న ఒకే ఒక్క తోబుట్టువు పేరు కాడీ అని, ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోయిందని. ఆ గోల్ఫ్ మైదానం కూడా ఒకప్పుడు వాళ్ల పచ్చిక బయలే. పెద్దన్న క్వెంటిన్‌ను హార్వర్డ్‌లో చదివించడానికి అమ్మేశారు.

కాస్త ముందుకు వెళితే, కంచె దూరబోతున్న బెంజీ చొక్కా మేకుకు తగులుకుంటుంది. పక్కన ఉన్నది లస్టర్ అనే కుర్రాడు, విసుక్కుంటున్నాడు. కానీ మేకునుంచి చొక్కాను విడిపించేది మాత్రం కాడీ, అదీ చిన్నపిల్ల కాడీ. రెండు వాక్యాల మధ్య ఇన్నేళ్లు వెనక్కి వెళ్లిపోయామని చెప్పేది అక్షరాల వాలు ఒక్కటే. ఆ మార్పును ప్రచురణ సంస్థలోని సంపాదకుడు బెన్ వాసన్ సాఫీ చేయబోతే ఫాక్‌నర్ ఒప్పుకోలేదు. కాలం మారినప్పుడల్లా సిరా రంగు మారిస్తే బాగుండేదని మాత్రం అన్నాడు. అప్పట్లో అది కుదరలేదు. 2012లో ఫోలియో సొసైటీ 14 రంగుల్లో 1,480 ప్రతులు అచ్చు వేసింది. ఇది చాలదన్నట్టు కాంప్సన్‌ల ఇంట్లో క్వెంటిన్‌లు ఇద్దరు. మేనమామ ఒకడు, అతని పేరే పెట్టుకున్న మేనకోడలు ఇంకొకతె. ఒకే పేరు ఒకచోట అతడు, ఇంకోచోట ఆమె. తండ్రీ కొడుకులిద్దరూ జేసన్‌లే. మొదటిసారి చదివినవాడికి ఇది పట్టుబడకపోతే తప్పు అతనిది కానే కాదు.

అయితే ఈ తికమకను తీసేస్తే ఏం మిగులుతుంది? బెంజీ కథను తేదీల వరసలో పేర్చి చూడండి. ఆస్తి కరిగిపోయిన ఒక దక్షిణాది కుటుంబం, ఇల్లు వదిలిన కూతురు, ప్రాణం తీసుకున్న కొడుకు. అలాంటి కథలు బోలెడున్నాయి. అక్క వెళ్లిపోయి ఏళ్లు గడిచినా, పేరు వినబడగానే ఇప్పుడే వెళ్లినట్టు ఏడ్చే మనిషి మాత్రం ఆ వరసలో కనిపించడు. గాయానికి కాలం తెలియదన్న సంగతిని ఫాక్‌నర్ వాక్య నిర్మాణంలోనే పెట్టాడు. కష్టమైన నవలను తూచడానికి నాకు తెలిసిన గీటురాయి ఇదొక్కటే. గందరగోళాన్ని సరిచేస్తే నవల ప్రాణం పోతుందా, లేక హాయిగా బతుకుతుందా? ప్రాణం పోయేటట్లయితే ఆ కష్టం పడవచ్చు.

2018లో బుకర్ బహుమతి వచ్చిన అనా బర్న్స్ నవల ‘మిల్క్‌మన్’ ఈ పరీక్షకు బాగా నిలుస్తుంది. అందులో ఎవరికీ పేర్లుండవు. కథ చెప్పే అమ్మాయి ‘నడిమి చెల్లెలు’, ఇంకొకడు ‘మూడో బావ’. పేరాలు పేజీల కొద్దీ సాగుతాయి. బహుమతి ప్రకటించిన రోజుల్లో ఇది మామూలు పాఠకుడు చదవగలిగేదేనా అని ఇంగ్లాండు పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది. కథాకాలం ఉత్తర ఐర్లండ్‌లో 1970ల నాటి హింస. ఏ పేరు పెట్టుకున్నారన్నదాన్ని బట్టి మీరు ఏ మతం, ఏ పక్షమో తేలిపోయే ఊరు అది. అక్కడ పేరు పలకడమే ప్రమాదం. పాత్రలకు పేర్లు తగిలిస్తే చదవడం సులువవుతుంది, ఆ ఊరి భయం మాయమైపోతుంది.

కష్టాలన్నీ ఒకే రకానివి కావు. విమర్శకుడు జార్జ్ స్టైనర్ 1978లో ‘ఆన్ డిఫికల్టీ’ అనే వ్యాసంలో వీటిని విడదీసి చూపించాడు. ఆయన మాట్లాడింది ప్రధానంగా కవిత్వం గురించే అయినా నవలకూ సరిపోతుంది. కొన్ని కష్టాలు నిఘంటువు తెరిస్తే, ఒక చరిత్ర పుస్తకం తిప్పితే తీరిపోతాయి. కొన్ని అలా తీరవు. మాటలన్నీ తెలిసినా ఆ మనుషుల తీరు మనకు ఎక్కదు. కొన్ని రచయిత కావాలని పెట్టినవి, మన నడకను నెమ్మది చేయడానికి. ఇక భాషతో రచయితా పాఠకుడూ చేసుకున్న ఒప్పందమే చెల్లదనే కష్టం ఆఖరిది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది నవలను పక్కన పెట్టేస్తారు, లేదా తమను తాము తక్కువ చేసుకుంటారు. నిఘంటువుతో తీరే కష్టానికి తెలివితేటలతో సంబంధం లేదు.

జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’లో ఈ నాలుగు రకాలూ ఉన్నాయి. 1904 జూన్ 16న డబ్లిన్‌లో ఒక్కరోజు, 18 అధ్యాయాలు. ఎక్కువమంది ఆగిపోయేది మూడో అధ్యాయంలో. స్టీఫెన్ అనే యువకుడు సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడుస్తూ ఆలోచిస్తుంటాడు. అరిస్టాటిల్ నుంచి పారిస్ దాకా ఏ ఆలోచన ఎటు పోతుందో ఎవరూ చెప్పరు. దాన్ని దాటితే నాలుగో అధ్యాయంలో బ్లూమ్ అనే అతను వంటింట్లో ఉంటాడు. పిల్లికి పాలు పోస్తాడు, కసాయి కొట్టుకు వెళ్లి వస్తాడు, భార్యకు మంచం దగ్గరికి టీ తీసుకువెళతాడు, ఈలోగా పొయ్యి మీద మాంసం మాడుతుంది. ఇంత మామూలు మనిషిని ఇంత దగ్గరగా చూపించిన నవలలు తక్కువ. కొత్తగా చదివేవాళ్లు నాలుగో అధ్యాయంతో మొదలుపెట్టి, తర్వాత వెనక్కి వచ్చినా ఏమీ నష్టం లేదు. ఇది తప్పుదారి కాదని గట్టిగా చెబుతాను. పద్నాలుగో అధ్యాయం సంగతి వేరు. ప్రసూతి ఆసుపత్రిలో బిడ్డ పుట్టేలోగా ఆంగ్ల వచనం పుట్టి పెరిగిన తీరంతా జాయిస్ శైలిలో అనుకరించి చూపిస్తాడు. తెలుగులో ఒక రచయిత నన్నయ గద్యంతో మొదలుపెట్టి, చిన్నయసూరి మీదుగా గురజాడ దాకా ఒకే అధ్యాయంలో నడిపితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ వచనమంతా చెవిలో లేని పాఠకుడు అక్కడ తడబడక తప్పదు. ఆ అధ్యాయం నాకు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు.

ఈ నవలను ఎవరూ ఒంటరిగా, వట్టి చేతులతో చదవలేదు. 1922 ఫిబ్రవరి 2న, జాయిస్ నలభయ్యో పుట్టినరోజున, సిల్వియా బీచ్ పారిస్‌లో వెయ్యి ప్రతులు తెచ్చింది. అంతకు ముందే, 1920లో, జాయిస్ తన మిత్రుడు కార్లో లినాటికి నవల నిర్మాణం వివరిస్తూ ఒక పట్టిక రాసి పంపాడు. ఏ అధ్యాయానికి ఒడిస్సీలోని ఏ ఘట్టం, ఏ గంట, శరీరంలో ఏ అవయవం అన్నీ అందులో ఉన్నాయి. 1930లో స్టూవర్ట్ గిల్బర్ట్ అలాంటి పట్టిక ఆధారంగా ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అమెరికాలో నవల మీద అశ్లీల ఆరోపణ విచారించిన జడ్జి జాన్ వూల్సీ 1933లో ఇచ్చిన తీర్పులో, ఇది చదవడానికి సులువైన పుస్తకం కాదనీ, దీని చుట్టూ వచ్చిన వివరణ గ్రంథాలు కూడా చూడడం మంచిదనీ రాశాడు. తీర్పు చెప్పాల్సిన జడ్జే గైడు పెట్టుకుని చదివాడు. వర్జీనియా వుల్ఫ్ 1922లో రెండు వందల పేజీలు చదివి, మొదటి అధ్యాయాలు నచ్చినా ఆ తర్వాత విసుగొచ్చిందని డైరీలో రాసుకుంది. మూడేళ్లకు ఒక్కరోజు కథతోనే ‘మిసెస్ డాలవే’ తెచ్చింది. విసుగొచ్చిన పుస్తకం కూడా లోపల పని చేస్తూనే ఉండవచ్చు.

డబ్లిన్‌లో ‘యులిసీస్’ను చెవితో చదివారు. 1982లో ఐర్లండ్ రేడియో మొత్తం పుస్తకాన్ని దాదాపు 30 గంటలపాటు ఏకబిగిన ప్రసారం చేసింది. కళ్లకు గోడలా కనిపించే పేరా గొంతులోకి వచ్చేసరికి ఎవరు మాట్లాడుతున్నారో దానంతటదే తెలిసిపోతుంది. జాయిస్ చివరి నవల ‘ఫినెగన్స్ వేక్’ ఇంకా కఠినం. పదిహేడేళ్లు రాసి 1939లో తెచ్చాడు. పదాలనే విరిచి, బోలెడు భాషలు కలిపి అతికిన రచన అది. కాలిఫోర్నియాలోని వెనిస్‌లో ఒక పఠన బృందం 1995లో మొదలుపెట్టి 2023లో, అంటే 28 ఏళ్లకు, దాన్ని ముగించింది. ముగించి మళ్లీ మొదటికి వచ్చింది. ఇది నవలగా ఒకరు కూర్చుని పూర్తిచేయాల్సిన పుస్తకం కాదని నా అభిప్రాయం. నలుగురు కలిసి పేజీ పేజీ విప్పుకోవడానికి అది సరిపోతుంది, ఒంటరి పాఠకుడు దాన్ని వదిలేసినా పోయేదేమీ లేదు.

పుస్తకం ఆకారంతో చేసిన ప్రయోగాలు బయటికి భయపెట్టినంతగా లోపల కష్టపెట్టవు. హూలియో కొర్తాసర్ 1963లో రాసిన ‘రయుయెలా’లో 155 అధ్యాయాలు. మొదటి 56 వరసగా చదివి ఆపేయవచ్చు, లేదా 73తో మొదలుపెట్టి రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం గెంతుతూ పోవచ్చు. దారి రచయితే చూపించాడు. బి.ఎస్. జాన్సన్ 1969లో ‘ది అన్‌ఫార్చునేట్స్’ను కుట్టని 27 భాగాలుగా పెట్టెలో పెట్టి ఇచ్చాడు. మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి ఎలాగైనా చదువుకోవచ్చు. క్యాన్సర్‌తో పోయిన స్నేహితుడి జ్ఞాపకాలు అవి. జ్ఞాపకాలు వరసలో రావు కాబట్టి పుస్తకమూ రాలేదు. మొదట గారడీ అనిపించినా చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

పాఠకుడు ఎంత కష్టపడాలి అన్న దానిపై పెద్ద వాదమే నడిచింది. విలియం గాడిస్ నవల ‘ది రికగ్నిషన్స్’ను పట్టుబట్టి పూర్తిచేసిన జొనథన్ ఫ్రాంజెన్, అదే రచయిత ‘జె ఆర్’ దగ్గర మధ్యలో ఆగిపోయాడు. అందులో దాదాపు అంతా సంభాషణే, ఎవరు అన్నారో రాయని సంభాషణ. 2002లో న్యూయార్కర్‌లో రాసిన వ్యాసంలో ఆయన రెండు దృక్పథాలను పక్కపక్కన పెట్టాడు. గొప్ప కళ ఎవరు చదివినా చదవకపోయినా గొప్పదే అనేది ఒకటి. రచయితకూ పాఠకుడికీ మధ్య ఒప్పందం ఉంటుంది, ఇచ్చిన శ్రమకు ఫలం దక్కాలి అనేది ఇంకొకటి. 2005లో బెన్ మార్కస్ హార్పర్స్ పత్రికలో గట్టిగా బదులిచ్చాడు. పాఠకులు తగ్గిపోవడానికి ప్రయోగశీలురను నిందించడం తగదన్నాడు. ఫ్రాన్స్‌లో డానియెల్ పెనాక్ 1992లోనే పాఠకుడి హక్కులంటూ పది చెప్పాడు. పేజీలు దాటేసే హక్కు, పుస్తకం పూర్తిచేయకుండా వదిలేసే హక్కు వాటిలో ఉన్నాయి. నాకు ఫ్రాంజెన్ చెప్పిన ఒప్పందం నచ్చింది గానీ, ఆయన దాన్ని ఇద్దరి మధ్యనే ఉంచాడు. మూడో మనిషిని మరిచిపోయాడు. ఆ మూడో మనిషి వ్యాఖ్యాత.

వ్యాఖ్యాత విలువ తెలుగువాడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రాశాడు. అవే పద్యాలు రామాయణమూ చెబుతాయి, భారతమూ చెబుతాయి. అదే సూరన ‘కళాపూర్ణోదయం’లో నిజం రంభతో పాటు మాయ రంభ, నిజం నలకూబరుడితో పాటు మాయ నలకూబరుడు తిరుగుతుంటారు. ఎవరు ఎవరో తేలేసరికి తల తిరుగుతుంది. కళాపూర్ణుడు పుట్టకముందే బ్రహ్మ అతని కథ సరస్వతికి చెబుతాడు, చెప్పిన కథ తర్వాత జరుగుతుంది. ఇద్దరు క్వెంటిన్‌లను చూసి బెదిరే తెలుగు పాఠకుడికి ఇద్దరు రంభలను తట్టుకున్న పూర్వీకులున్నారు. వాళ్లు తట్టుకున్నది ఒంటరిగా కాదు. గురువు ఉన్నాడు, ప్రతిపదార్థం ఉంది, టీకా తాత్పర్యాలున్నాయి. ‘ఆముక్తమాల్యద’కు వేదం వేంకటరాయశాస్త్రి సంజీవనీ వ్యాఖ్య రాశారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు మెదక్ ప్రాంతపు కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకూ, భారవికీ, మాఘుడికీ రాసిన వ్యాఖ్యలు దేశమంతా చదివింది. మూలంలో ఆధారం లేనిది రాయకూడదు, అవసరం లేనిది చెప్పకూడదు అన్నది ఆయన నియమం. నవలకు గైడు రాసేవాళ్లెవరికైనా ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. కథను నాలుగు పేజీల్లో కుదించి, ఇక మూలం చదవనక్కర్లేకుండా చేసేది వ్యాఖ్యానం కాదు.

ఆధునిక నవల వచ్చేసరికి మనం ఈ అలవాటును పద్యంతో పాటే వదిలేశాం. నవల అంటే సులువుగా చదివేసేది, అర్థం కాకపోతే రచయితదో పాఠకుడిదో లోపం అన్నట్టు చూశాం. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946–47లో నవోదయ పత్రికలో ‘ఏకాంతం’ పేరుతో సీరియల్‌గా వచ్చింది. అందులో వాక్యాలు కష్టం కాదు. అసలు దయానిధికి ఏం కావాలి, ప్రేమ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఎందుకు తప్పుకుంటాడు అన్న దగ్గర పాఠకుడు చిక్కుకుంటాడు. స్టైనర్ చెప్పిన రెండో రకం ఇదే, మాటలన్నీ తెలిసినా మనిషి అందడు. గోపీచంద్ నవలా నాయకుడు సీతారామారావు కూడా ఇలాగే చిరాకు పెడతాడు. ‘అల్పజీవి’లో రావిశాస్త్రి, ప్రతిదానికీ భయపడే చిరుద్యోగి సుబ్బయ్య తలలోకి మనల్ని పంపిస్తాడు. ఇక్కడ చైతన్య స్రవంతి శైలి ఉన్నా, తెలిసిన ఆఫీసు, తెలిసిన భయం కావడంతో ఎవరూ దారి తప్పరు.

నవీన్ ‘అంపశయ్య’ సంగతి కాస్త ఆగి చూడాలి. 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే పేద విద్యార్థి రవి బతుకులో ఒక్కరోజు. జాయిస్ పద్ధతిని తెలుగు నేలమీద పూర్తి నవలగా నిలబెట్టిన పుస్తకం. రచయితకు అది ఇంటిపేరే అయిపోయింది. రవి ఆలోచన దిగులు నుంచి కోరికకు, కోరిక నుంచి ఊళ్లో ఇంటికి, అక్కడినుంచి అపరాధభావానికి చెప్పకుండా మారుతుంది. ఆనాడు పాఠకుడికి కొత్తగా తోచింది ఈ మారడమే. ఇవాళ్టి పాఠకుడికి అది పెద్ద ఇబ్బంది కాదని నా నమ్మకం. ఇలా గెంతే కథనం సినిమాల్లో బాగా అలవాటైపోయింది. ఇప్పుడు అడ్డుపడేది 1960ల నాటి వాతావరణం. ఆనాటి విద్యార్థి మాటలు, చేతిలో డబ్బులేనితనం, హైదరాబాదు ఇంగ్లీషు కలిసిన సంభాషణ. ఇది నిఘంటువుతో, అధస్సూచికలతో తీరే కష్టం. అదే నవీన్‌కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది మాత్రం నేరుగా సాగే చారిత్రక నవల ‘కాలరేఖలు’.

వడ్డెర చండీదాస్ ‘అనుక్షణికం’ మరో తీరు. తిరుపతిలో తత్వశాస్త్రం బోధించిన మనిషి, ఉస్మానియా విద్యార్థుల లోకాన్ని అసంఖ్యాకమైన పాత్రలతో, తానే కల్పించుకున్న పదాలతో, తునకలు తునకలుగా రాశాడు. నేను ఎరిగిన పాఠకుల్లో దీన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్లున్నారు, నూరు పేజీలకే విసిగి పెట్టేసినవాళ్లూ ఉన్నారు. పెట్టేసినవాళ్లలో ఎక్కువమందిని ఆపింది తత్వం కాదు, ఎవరు ఎవరో గుర్తుండకపోవడం. ఫాక్‌నర్ అనుబంధం లాంటి పాత్రల పట్టిక ఒక్కటి పక్కన ఉంటే వాళ్లలో సగం మంది ముందుకు సాగేవాళ్లు.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఈ నవలల మీద పరిశోధనలు చేస్తున్నవారికీ, వీటిని మళ్లీ మళ్లీ అచ్చువేస్తున్న ప్రచురణకర్తలకూ నా విన్నపం ఒకటే. ‘అంపశయ్య’కూ, ‘అనుక్షణికం’కూ, ‘చివరకు మిగిలేది’కీ సవ్యాఖ్యాన ముద్రణలు తీసుకురండి. మూలంలో అక్షరం కదపకండి, రంగులు పూయకండి. పుస్తకం చివర ముప్పై నలభై పేజీలు కేటాయించి పాత్రల వివరం, కాలక్రమం, ఆనాటి మాటలకు అర్థాలు, మల్లినాథుడి నియమం ప్రకారం ఇవ్వండి. ప్రబంధాలకు ఇచ్చిన గౌరవం మన నవలలకూ దక్కాలి. పాఠకులకు చెప్పేది కూడా ఉంది. ఆ ముద్రణలు వచ్చేదాకా ఆగకండి. ఇద్దరు ముగ్గురు కలవండి, వారానికి ఒక అధ్యాయం బిగ్గరగా చదవండి, అర్థం కానిచోట అర్థం కాలేదని పైకి చెప్పండి. పక్కవాడికి ఆ చోటు తెలిసి ఉండే అవకాశం చాలా ఎక్కువ.